సువార్తమ్మ కాపలాలో పాటల క్యాసెట్

"తలుపెయ్యడానికి వీల్లేదు."

రాజమండ్రి స్టూడియోలో అడుగు పెడుతూనే సువార్తమ్మ అన్న మొదటి మాట అది. వందనాలు లేవు, పలకరింపు లేదు. ఒక చేత్తో తడిసిన గొడుగు, రెండో చేత్తో మనవరాలు కృపారాణి మోచెయ్యి. రెండింటిలో ఏది వదిలినా ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు పట్టుకుంది.

కీబోర్డు ముందు కూర్చున్న కుర్రాడు గబుక్కున లేచాడు. సన్నగా, పొడుగ్గా, నిద్ర చాలని కళ్ళతో ఉన్నాడు. పేరు సుకుమార్. పాటకు వాయిద్యాలు కట్టేదీ, పాడేవాళ్ళ గొంతు రికార్డు చేసేదీ అతనే.

"తలుపు తీసుంటే రోడ్డు మీద ఆటోలన్నీ పాటలోకి వచ్చేస్తాయండి మామ్మగారూ."

"అయితే వేసుకో. నేనూ లోపలే ఉంటాను."

"లోపల పాడేవాళ్ళు ఒక్కరే ఉండాలండి. మీకు బయట కుర్చీ వేయిస్తానండి, ఫ్యాను కూడా ఉంది."

"అదీ సంగతి! పెళ్ళీడు పిల్లని గదిలో పెట్టి తలుపెయ్యడం, ముసలిదాన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టడం. ఎన్నాళ్ళబట్టి ఉందబ్బాయ్ ఈ పద్ధతి?"

"ఆవిడ ఆ గదిలో ఉంటారండి, నేను ఈ గదిలో ఉంటానండి. మధ్యలో అద్దం ఉందండి."

"అద్దం దేనికీ? చూడ్డానికేగా?"

కృపారాణి సిగ్గుతో చచ్చిపోయి గోడకేసి చూసింది. గోడ నిండా కొబ్బరి పీచు పట్టాలు కొట్టి ఉన్నాయి. చప్పుడు బయటికి పోకుండా అలా కొడతారట. సువార్తమ్మ ఆ పట్టాల్ని కూడా వేలితో నొక్కి చూసింది. లోపల అరిచినా బయటికి వినపడదన్నమాట అని మనసులో రాసుకుంది.

అలా మొదలైంది కృపారాణి ఆల్బమ్.

వాళ్ళది రామచంద్రపురంలో మా ఎదురిల్లే. కొంత నా కళ్ళతో చూశాను. మిగతాది కృపారాణి మా ఇంటికొచ్చి గారెల పిండి రుబ్బుతూ చెప్పింది. అప్పటికి మన వైపు సీడీలు రాలేదు. క్యాసెట్ మీద మన బొమ్మ పడితే అదే పెద్ద ముచ్చట.

కృపారాణి లూథరన్ చర్చి కొయిర్లో పాడేది. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకునేది. పాత కీర్తనల్లా సాగదీసి కాదు, గిటారూ బీటూ పెట్టి, కుర్రకారు చేతులు తట్టేలా. అలాంటివి ఎనిమిది పోగయ్యాయి. "ఒడ్డున చెట్టు" అని ఆల్బమ్‌కి పేరు కూడా పెట్టుకుంది.

కానీ కొయిర్ నడిపించే పెద్దాయన ఒకసారి అందరి ముందూ అన్నాడు. "నీది గుంపులో సరిపోయే గొంతమ్మా. ఒంటరిగా నిలబడదు." ఆ మాట ఆ పిల్ల గుండెలో ముల్లులా ఉండిపోయింది.

వాళ్ళ నాన్న వీరాస్వామి మాస్టారితో తనే చెప్పింది. "నాన్నా, ఒక్క ఆల్బమ్ చేస్తాను. నా గొంతు నిలబడితే సరే. నిలబడకపోతే మళ్ళీ ఒంటరిగా పాడనని నీకు మాటిస్తున్నా."

మాస్టారు ఒప్పుకున్నారు. ఒకటే షరతు, తోడుగా మామ్మ వెళ్ళాలని. సువార్తమ్మని తోడు పంపడమంటే పోలీసు స్టేషన్నే వెంట పంపినట్టు. పాలవాడి చెంబులో వేలు పెట్టి చూసే మనిషి. చర్చిలో కానుకల సంచీ పట్టుకున్నవాళ్ళ వంక కళ్ళార్పకుండా చూసే మనిషి.

మొదటి రోజే బస్సులో మనవరాలి చెవిలో ఊదింది. "ఆ కుర్రాడు బాప్టిస్టట."

"అయితే ఏంటి మామ్మా?"

"బాప్తిస్మానికి వాళ్ళు మనలా నెత్తిన నీళ్ళు చల్లరే, నీళ్ళలో నిలువునా ముంచుతారు. గోదావరి పక్కనే ఉంది. పాటని చెప్పి పిలిచి, నీకు రెండో బాప్తిస్మం ఇచ్చేస్తారు."

"నన్నెవరూ ముంచరు. నేను పాడ్డానికి వెళ్తున్నాను."

"ముంచేవాళ్ళు ముందు చెప్పి ముంచరమ్మా."

సరే, పాట మొదలైంది. కృపారాణి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడింది. వెనకాల స్టూలు మీద సువార్తమ్మ, ఒళ్ళో టిఫిన్ కారియరు. అద్దం అవతల సుకుమార్.

మొదటి చరణం పాడింది. బాగానే పాడాననుకుంది.

సుకుమార్ అద్దం అవతల తలెత్తి, తల గోక్కున్నాడు. వీళ్ళ గదిలో స్పీకర్లోంచి అతని మాట వచ్చింది. "బాగుందండి. ఇంకోసారి పాడతారా?"

పాడింది.

"ఏదో లారీ శబ్దం పడిందండి. ఇంకోసారి."

పాడింది.

"మైకు కొంచెం... ఇంకోసారండి."

సువార్తమ్మ కళ్ళు చిట్లించింది. "ఏ లారీ అబ్బాయ్? నాకేం వినపడలేదే?"

"మైకుకి వినపడుతుందండి."

"మైకుకి వినపడింది మాకూ వినిపించు."

సుకుమార్ గొంతు సర్దుకున్నాడు. "ఇప్పుడు కాదండి. ఇంకా మిక్సింగ్ అవ్వలేదండి."

టీ తెప్పించి ఇచ్చాడు. సువార్తమ్మ వాసన చూసి పక్కన పెట్టింది. కృపారాణి తాగబోతుంటే చేతిలోంచి లాక్కుని అదీ పక్కన పెట్టింది. సుకుమార్ ఆ రెండు గ్లాసులూ తనే తాగేశాడు. పిల్లకి నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది. అద్దం అవతల అతనికీ నవ్వొచ్చింది. చూపులు అలా ఒకసారి తగిలాయి. సువార్తమ్మ గొడుగు కర్రతో నేల మీద టక్కుమని కొట్టింది.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిన్నాక పెద్దావిడ స్టూలు మీదే గోడకి జారబడి కునికింది. ఆ కాసేపట్లో చిత్రంగా పాట ఓకే అయిపోయింది. "చాలా బాగా వచ్చిందండి!" అని సుకుమార్ చెయ్యెత్తి చూపించాడు.

రోజూ అదే వరస. పొద్దుటంతా "ఇంకోసారండి, ఇంకోసారండి." మామ్మ కునుకు తీయగానే ఓకే. మామ్మ చేతులు కడుక్కోడానికి కిందికి వెళ్తే, ఆవిడ తిరిగి మెట్లెక్కేలోపు ఇంకో చరణం ఓకే.

సువార్తమ్మ ఇది గమనించకుండా ఉంటుందా? బస్సెక్కగానే మొదలుపెట్టింది. "చూశావా ఎత్తు? నేను మెలకువగా ఉంటే పదిసార్లు పాడిస్తాడు. నేను లేకపోతే ఒక్కసారికే బాగుందంటాడు. నన్ను విసిగించి ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. నీ గొంతుకేం కాలేదు, వాడి బుద్ధికే అయ్యింది."

కృపారాణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట వాన, ద్వారపూడి దాకా వరిచేలన్నీ నీళ్ళలో ఒరిగి ఉన్నాయి. ఆ పిల్ల బుర్రలో ఇంకో అనుమానం తిరుగుతోంది. గొంతు బాగోలేదు. ఆ పెద్దాయన చెప్పింది నిజం. ఈయన మర్యాదస్థుడు కాబట్టి మొహం మీద చెప్పలేక లారీలనీ మైకులనీ అంటున్నాడు. మధ్యాహ్నానికి ఓపిక అయిపోయి ఏదో ఒకటి ఓకే చేసేస్తున్నాడు.

వాన జల్లు మొహం మీద పడుతుంటే కళ్ళు తుడుచుకునే పని తప్పిందంట. ఆ మాట నాకు చాలా రోజుల తరవాత చెప్పింది.

ఏడు పాటలు అయ్యాయి. ఎనిమిదోది మిగిలింది. అది సువార్తమ్మకి ప్రాణం. కునుకు దేవుడెరుగు, రెప్ప కూడా వెయ్యలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పాట, అదే "ఇంకోసారండి". కృపారాణి గొంతు బొంగురు పోయింది.

ఇక చాలనిపించింది. హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించి, "ఇక్కడే ఉండు మామ్మా, అద్దంలోంచి కనపడుతూనే ఉంటాగా" అని తలుపు తోసుకుని సుకుమార్ గదిలోకి వెళ్ళింది.

"ఇప్పుడు పాడింది వినిపించండి."

"వద్దండి. రేపు ఫ్రెష్‌గా..."

"నాకు ఇప్పుడే వినాలండి. నా గొంతులో ఏం తక్కువైందో నేను విని తీరాలి. లేదంటే ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కను."

అతను ఒక్క క్షణం ఆ పిల్ల మొహం చూశాడు. ఇక తప్పదనుకుని హెడ్‌ఫోన్లు ఇచ్చి టేపు వెనక్కి తిప్పాడు.

కృపారాణి విన్నది. తన గొంతే. నిలకడగా, నిండుగా, తనకే కొత్తగా అనిపించే గొంతు. ఎక్కడా తడబాటు లేదు. మొదటి చరణం అయిపోయి చివరి మాట గాలిలో తేలుతుంటే, వెనకాల నించి సన్నగా ఒక మూలుగు.

"స్తోత్రం... స్తోత్రం నాయనా..."

రెండో చరణం ఆఖర్న మళ్ళీ. "స్తోత్రం తండ్రీ... స్తోత్రం..."

మన చర్చిల్లో పెద్దవాళ్ళకి అలవాటే కదా. పాట ఎక్కడ మనసుకి తగిలితే అక్కడ స్తోత్రం అనేస్తారు. అన్నామని వాళ్ళకే తెలీదు. చెవులు మూసుకుని పాడుతున్న పిల్లకీ వినపడలేదు. మైకుకి మాత్రం అన్నీ వినపడ్డాయి.

కృపారాణికి ముందు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఇదా లారీ?"

"ఆయ్, ఇదేనండి లారీ."

"మరి చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్పమంటారండి? మొదటి రోజు బయట కూర్చోమంటేనే నన్ను దొంగని చేశారు. మళ్ళీ బయటికెళ్ళమంటే ఇంకేమంటారో. పోనీ, దేవుడికి స్తోత్రం చెప్పకండి మామ్మగారూ అని ఏ నోటితో అనమంటారు?"

"మామ్మకి వద్దు. నాకు చెప్పొచ్చుగా? నేనెలాగో సర్దేదాన్ని."

అక్కడ సుకుమార్ ఆగిపోయాడు. అబద్ధం చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. అతను టేపు మీటని చూస్తూ అన్నాడు.

"చెబుదామనే అనుకున్నానండి రెండో రోజు. చెబితే పాటలన్నీ రెండ్రోజుల్లో అయిపోతాయి. ఆ తరవాత మీరు రారు. అందుకని..."

కృపారాణి నవ్వు ఆగిపోయింది.

"అంటే మా మామ్మ అనుమానం నిజమేనన్నమాట."

"సగం నిజమండి."

"మీకది సరదాగా ఉందేమో. రోజూ బస్సులో నా గొంతు పనికిరాదనుకుంటూ ఇంటికెళ్ళాను. ఇక పాట మానేద్దామనుకున్నానండి నేను. తెలుసా మీకు?"

అతని మొహం పాలిపోయింది. ఈ సంగతి అతను ఎప్పుడూ అనుకోలేదు పాపం. కానీ పాపం అనుకుంటే సరిపోతుందా? ఆ పిల్ల మామ్మ చెయ్యి పట్టుకుని వానలోనే దిగి వెళ్ళిపోయింది. ఎనిమిదో పాట అలాగే ఉండిపోయింది. ఎందుకు వచ్చేశామో సువార్తమ్మకి చెప్పలేదు. అదొక కొత్త అనుమానం ఆవిడకి. దారంతా "ఏమన్నాడు? ఏమన్నాడో చెప్పు" అని సతాయించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మేమందరం ఇళ్ళకి వచ్చేసరికి, వీరాస్వామి మాస్టారి అరుగు మీద సుకుమార్ కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. టేప్‌రికార్డరు మాత్రం పాలిథిన్ కవర్లో పొడిగా ఉంది. నేను మా గుమ్మంలోనే చిక్కుళ్ళు ఒలుచుకుంటూ నిలబడిపోయాను. ఆ పూట ఎన్ని చిక్కుళ్ళు చెత్తలో పడ్డాయో!

"ఇంటిదాకా వచ్చేశాడే!" అంది సువార్తమ్మ గుమ్మంలోనే.

"మీతోనే మాట్లాడాలండి మామ్మగారూ. మాస్టారూ, మీరూ ఉండాలండి."

బటన్ నొక్కాడు. పాట వచ్చింది. మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. కూతురు అలా పాడుతుందని ఆయనకి తెలీదు. చరణం అయ్యింది.

"స్తోత్రం... స్తోత్రం నాయనా..."

"ఎవరిదా గొంతు?" అంది సువార్తమ్మ అనుమానంగా.

"మీదేనండి."

"నాదా? ఛ! నేనలా ముక్కుతో అంటానా? మిషన్లో ఏదో కలిపావు నువ్వు."

"కలపలేదమ్మా, నీదే," అన్నారు మాస్టారు. "నలభై ఏళ్ళ నించి వింటున్నాను."

"నిన్నడగలేదురా."

టేపు నడుస్తూనే ఉంది. రెండో చరణం చివర మళ్ళీ స్తోత్రం. సువార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు తను వినడం ఆవిడకి అదే మొదలు.

"అందుకే నేను కునికితే పాట బాగుండేది," అంది నెమ్మదిగా.

"ఆయ్. మీకు చెప్పడానికి భయపడ్డానండి. అది ఒక తప్పు." సుకుమార్ తల వంచుకున్నాడు. "రెండో తప్పు పెద్దదండి. కృపారాణి గారికైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ రావడం ఆగిపోతుందని చెప్పలేదు. దానివల్ల ఆవిడ తన గొంతునే అనుమానించుకున్నారు. ఆ సంగతి మీ అందరి ముందూ ఒప్పుకుందామని వచ్చానండి. ఆ గొంతులో ఏ లోపం లేదు. ఉన్నదంతా నాలోనే."

చూరు నించి నీళ్ళు కారుతున్నాయి. మాస్టారు ఏమంటారోనని నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

సువార్తమ్మ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"విన్నావురా వీరాస్వామీ? విన్నావా? పిల్ల మీద కన్నేశాడని మొదటి రోజునే చెప్పానా లేదా? ఎవరైనా నమ్మారా నన్ను? ఇదిగో, వాడి నోటితో వాడే చెప్పాడు!"

"చెప్పావమ్మా."

"మరేమనుకున్నావ్!" ఆవిడ స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "తడిసిపోయావేంటబ్బాయ్. తుండు తెండర్రా ఎవరైనా. నిజం చెప్పేవాడు జలుబు చేసి పోతే ఎలా?"

నా ఎరుకలో సువార్తమ్మ అనుమానం నిజమవడం అదే మొదలు. ఆ సంతోషంలో ఆవిడ సగం మెత్తబడింది.

కృపారాణి మాత్రం గుమ్మం పట్టుకుని అంది. "రేపు వచ్చి పాడతాను. పాట కోసం. మీ కోసం కాదు."

"అలాగేనండి," అన్నాడతను.

మర్నాడు సువార్తమ్మ తనంతట తనే స్టూడియో బయట మెట్ల మీద కూర్చుంది. కృపారాణి పాడింది, ఒక్క చరణమూ వదలకుండా మొత్తం. పాడి అద్దంలోకి చూసింది.

ఈసారి ఆ పిల్ల కళ్ళలో ఉంది అనుమానం. ఎలా ఉన్నా ఓకే అంటాడు ఇప్పుడు. భయపడ్డాడు కదా.

సుకుమార్ మైకు దగ్గరికి వంగాడు. "మూడో చరణంలో పై స్వరం దగ్గర శ్రుతి కిందికి జారిందండి. ఇన్ని రోజుల్లో మీరు చేసిన తప్పు ఇదొక్కటే."

"నిజంగానా? లేకపోతే..."

"రండి, వినండి."

వింది. నిజమే. వెంట్రుక వాసి జారింది. కొయిర్లో అయితే గుంపులో కలిసిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ పిల్లకి అప్పుడు మొదటిసారి నమ్మకం కుదిరింది. తప్పుని తప్పని చెప్పినవాడు, బాగుందన్నప్పుడు కూడా నిజమే చెబుతాడు కదా!

మళ్ళీ పాడింది. పాట ముగిసి వాయిద్యం కూడా ఆగిపోయాక, అతను చాలాసేపు మీట నొక్కలేదు.

"బాగుందండి," అన్నాడు చివరికి. "ఇక మిమ్మల్ని ఆపడానికి నా దగ్గర సాకేం లేదు. అందుకని సూటిగానే అడుగుతున్నాను. మా అమ్మని మీ ఇంటికి పంపనా?"

కృపారాణి హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"రేపు ఇంకెవరైనా సింగర్ వస్తే, వాళ్ళ మామ్మ కూడా స్తోత్రం అంటే?"

"ముందు మీకే చెబుతానండి."

"పంపించండి అయితే. పాడేదానికి, శ్రుతి జారిందని చెప్పే మనిషి ఇంట్లో ఉండడం మంచిదే."

తలుపు ధడాలున తెరుచుకుంది. "పాట ఆగి ఎంతసేపైంది? మాటలేం వినపడవేంటి ఈ దిక్కుమాలిన పీచు వల్ల!" అంటూ సువార్తమ్మ లోపలికొచ్చేసింది.

క్యాసెట్ క్రిస్మస్‌కి ముందే వచ్చింది. రామచంద్రపురంలో ప్రతి పెళ్ళిపందిట్లోనూ మోగింది. కొయిర్ పెద్దాయన కొన్నాడో లేదో తెలీదు కానీ, ఆయన మనవడి సైకిల్ షాపులో మాత్రం రోజంతా అదే.

సంక్రాంతి వెళ్ళాక సుకుమార్ వాళ్ళమ్మ జ్ఞానమ్మ గారు వచ్చారు. సువార్తమ్మ ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని కూపీ లాగింది. మీ తాతగారిది ఏ ఊరు, అబ్బాయికి ఏ అలవాట్లున్నాయి, ఆ అద్దం గదిలోకి ఇంకెంతమంది ఆడపిల్లలు వస్తారు. జ్ఞానమ్మ గారు అన్నిటికీ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఆఖర్న సువార్తమ్మ గొంతు తగ్గించింది.

"మా పిల్లని గోదాట్లో ముంచుతారా?"

"చలికి గొంతు పోదుటండీ వదినగారూ? మళ్ళీ క్యాసెట్ ఎవరు పాడతారు?"

ఆ జవాబు సువార్తమ్మకి నచ్చింది. టీ ఇచ్చింది, తనూ తాగింది.

లూథరన్ చర్చిలో పెళ్ళి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. మొదటి ఆదివారం నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. పాస్టరుగారు కాగితం విప్పి అబ్బాయి పేరు, అమ్మాయి పేరు చదివారు. తరవాత కళ్ళెత్తి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉన్నట్టయితే ఇప్పుడే తెలియజేయవలెను" అన్నారు.

చర్చి మొత్తం ఒక్కసారిగా తలలు తిప్పి సువార్తమ్మ వంక చూసింది. ముందు వరసలో కృపారాణి ఊపిరి బిగబట్టింది. మగవాళ్ళ వైపు సుకుమార్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పాస్టరుగారు కూడా కళ్ళజోడు పైనించి చూస్తూ ఆగిపోయారు.

సువార్తమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. అటూ ఇటూ అందర్నీ పరకాయించి చూసింది.

"నా వంక చూస్తారేంటర్రా? అడగాల్సినవన్నీ వాళ్ళింటికెళ్ళి కూడా అడిగొచ్చాను. ఇంకేం మిగల్లేదు. కానివ్వండి అయ్యగారూ, కుర్రాడు భయపడుతున్నాడు."